ఫిరంగులకు అతిథి మర్యాద

ఒనూఫ్రీ దొర ఇంటికి భోజనానికి వెళ్ళడం తేలికే, బయటపడడమే కష్టం. నచ్చిన అతిథి ఇంకొన్నాళ్ళు ఉండాలని బండి చక్రాలు ఊడదీసి దాచడం ఆ ప్రాంతంలో ప్రతి మంచి ఇంటా ఉన్న మర్యాదే. కానీ మిగతావాళ్ళు మాటవరసకి ఒక చక్రం తీసి, కాసేపు బతిమాలించుకుని, తిరిగి ఇచ్చేస్తారు. ఒనూఫ్రీ దొర అలాంటి మొక్కుబడి మనిషి కాదు. నాలుగూ తీయిస్తాడు. అరువడుగుతారేమోనని తన సొంత బళ్ళవి కూడా తీయిస్తాడు. ఒకసారి పెళ్ళికి వెళ్తూ దారిలో ఆగిన బంధువులు, ఇక్కడ ఉండీ ఉండీ, చివరికి ఆ దంపతుల బిడ్డ నామకరణానికి చేరారని చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ మర్యాద బరువంతా ఆయన భార్య పెత్రోనెలా మీద పడేది. "చక్రాలు తీయండ్రా!" అని భోజనాల గదిలోంచి కేక వినపడితే చాలు, వంటింట్లో ఆవిడ గుండెల్లో రాయి పడేది. మళ్ళీ బాతులు కోయించాలి, మళ్ళీ పీపాలు తెరిపించాలి, మళ్ళీ పక్కలు వేయించాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ చక్రాలను తిట్టినట్టు ఏ బండివాడూ తిట్టి ఉండడు.

అలాంటి మనిషి, స్వీడన్ దండు పోలండ్ మీద పడ్డ మరుసటి వేసవిలో, ఆ కేక ఒక్కసారి వినిపించు తల్లీ అని మరియమ్మకు మొక్కుకోవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం కెప్టెన్ తోర్కెల్ అనే స్వీడన్ అధికారి మూడు ఫిరంగులతో, వాటిని పేల్చే గోలందాజులతో వాకిట్లో దిగాడు. మనిషి పొడుగు, మాట పొట్టి. గుర్రాలు ఎండకు డస్సిపోయాయనీ, ఈ పూటకు ఇక్కడ ఆగి తెల్లవారుజామున పిండిమర రేవుకు వెళ్ళిపోతామనీ లాటిన్‌లో చెప్పాడు. లాటిన్ ఒనూఫ్రీ దొరకు బాగా వచ్చు. చిన్నప్పుడు పాదిరీల బడిలో బెత్తం దెబ్బలతోపాటు ఒంటికి పట్టింది. పెత్రోనెలాకు రాదు. అందుకని ఆయన ప్రతి ముక్కా ఆవిడకు పోలిష్‌లో తిప్పి చెప్పేవాడు, చివర్న తన అభిప్రాయం కూడా జోడించి.

"భోజనం వద్దట! నెమలి ఈక పెట్టుకున్న టోపీ, లోపల బుర్ర లేదు. పొగబెట్టిన బాతు ముందు పెడితే పక్కకి నెట్టేశాడు. తేనెసారా పోస్తే మూతి తడుపుకుని దించేశాడు. నా ఇంట్లో! దేశాన్ని దోచుకోవడానికి ఆకలుంది గానీ వీడికి నా బాతు తినడానికి ఆకలి లేదట!"

"మెల్లగా అండీ, వింటాడు."

"విననీ. పోలిష్ రాదుగా వెధవకి."

ఆ సంగతి అలా ఉండగా పిండిమర నడిపేవాడి పెళ్ళాం ఒర్షూలా పిండి మూటతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది. మూట దించి, అటూ ఇటూ చూసి, పెత్రోనెలా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మగారూ, మీ రోఖ్ బాబు కబురు పంపాడు. ఉతికిన చొక్కా ఒకటీ, ఇంత జున్నూ కావాలన్నాడు."

పెత్రోనెలా చేతిలో గరిటె ఆగిపోయింది. ఒక్కగానొక్క కొడుకు. మంచు కరిగిననాడు గుర్రమెక్కి దండులో కలిసినవాడు మళ్ళీ కనపడలేదు. "వాడెక్కడున్నాడే?"

"ఏటికి అవతల, అడవిలో. మన గుర్రపుదండంతా అక్కడే నక్కి ఉంది. రేపు పొద్దెక్కగానే మా మర పక్క రేవులో దిగి ఇటు దాటతారట. నీళ్ళు జీను దాకా ఉన్నాయమ్మా, గుర్రం అడుగు తీసి అడుగెయ్యడానికే..." అంటూ ఒర్షూలా కిటికీలోంచి చూసింది. వాకిట్లో మూడు ఫిరంగులు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. 

"తిరిగి కబురు పంపగలవా?"

"ఎలాగమ్మా? నేను ఇటు బయల్దేరేసరికి స్వీడన్ గస్తీవాళ్ళు పడవలన్నిటికీ గొలుసులేశారు. రేవు కాస్తున్నారు. ఫిరంగులొస్తాయని ఎదురుచూస్తున్నారు."

ఫిరంగులు తెల్లారేసరికి రేవుకు చేరితే నీళ్ళలో ఉన్న ఒక్క గుర్రమూ గట్టెక్కదు. చేరకపోతే రోఖ్ బతుకుతాడు. పెత్రోనెలాకు యుద్ధం గురించి అంతకు మించి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మొగుడికి చెబుదామా అంటే అది కుదరని పని. రెండు గిన్నెల తేనెసారా పడ్డాక ఒనూఫ్రీ దొర కడుపులో ఏ రహస్యమూ ఆగదు. పక్క ఊరి దొర వేటకుక్కను పొరపాటున కాల్చింది తనేనన్న సంగతి, ఆ దొర కూతురి పెళ్ళిలో, ఆయన మెడ మీదే చెయ్యి వేసి, కళ్ళనీళ్ళతో చెప్పేసిన ఘనుడాయన. కొడుకు మాట చెబితే పొద్దుగూకేలోగా లాటిన్‌లో ఆ కెప్టెన్‌కే చెప్పి ఏడుస్తాడు.

ఆవిడ తిన్నగా బళ్ళకొట్టం దగ్గరికి వెళ్ళింది. చక్రాలు ఊడదీయడంలో తల పండిన నౌకరు బ్వాజెయ్ అక్కడ తలుపు నీడలో కూర్చుని ఉన్నాడు.

"బ్వాజెయ్, ఆ ఫిరంగులకు చక్రాలు తీసెయ్యాలి."

"దొరగారు అన్నారా?"

"నేనంటున్నా."

బ్వాజెయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "తప్పుగా అనుకోకండమ్మా. మీరు తీయించారని తెలిస్తే అది యుద్ధం. కొంపకు నిప్పెడతారు. అదే దొరగారు తీయించారనుకోండి, మా దొరగారు ఇంతే బాబూ అని ఊళ్ళో ముసలీముతకా అందరూ వచ్చి ప్రమాణం చేస్తారు. ఆయన నోటి నుంచి రావాలి. ఆయన నిజంగా అనాలి."

వాడు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆయన అమాయకత్వమే ఆ ఇంటికి గోడ. పెత్రోనెలా లోపలికొచ్చి, మొగుడి భుజం మీది దారపు పోగు తీసేస్తూ, గొంతులో తేనె కలుపుకుని అంది: "ఏమండీ, వచ్చినాయన్ని రేపే పంపేస్తారా? మన ఇంటి పద్ధతి..."

"వీడికా?" ఒనూఫ్రీ దొర మీసాలు లేచి నిలబడ్డాయి. "చక్రాలు తీయడమంటే ఏమనుకున్నావే నువ్వు? అది ప్రేమ! పన్నులాయన వచ్చినప్పుడు తీయించానా? తొందరగా పోతాడని ఇరుసులకు కొవ్వు రాయించి మరీ పంపాను. ప్రేమ లేకుండా చక్రం తీస్తే అది దొంగతనం. నా ఉప్పు తిన్నవాడు శత్రువైనా సరే, వాడి దగ్గర ఒనూఫ్రీ దొంగతనం చెయ్యడు."

"ఆయన మీ ఉప్పు కూడా తినలేదుగా."

"అదే నేననేది!"

అయితే ఆయనకు ఆ స్వీడన్ వాడి మీద ప్రేమ పుట్టాలి. అదీ పొద్దుగూకేలోపు. పెత్రోనెలా తన జన్మలో ఊళ్ళో పిల్లలకు సంబంధాలు కుదిర్చింది, ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ముల్ని కలిపింది గానీ, ఇంత మొండి జంట ఎన్నడూ తగల్లేదు. పళ్ళెం నిండా చెర్రీపళ్ళు పట్టుకుని కెప్టెన్ ఎదురుగా వెళ్ళి నిలబడింది, ఈ మనిషిలో ప్రేమించదగ్గది ఏముందా అని వెతుక్కుంటూ. మొహం చూసింది, కొయ్యబారి ఉంది. చేతులు చూసింది, మందుగుండు మసి. కిందికి చూసింది. ఎడమ బూటు బొటనవేలి దగ్గర కత్తితో చీల్చి, తాడుతో వదులుగా కట్టి ఉంది. ఇంతలో ఇంటి కుక్క తోకాడించుకుంటూ ఆ కాలికి ఒరుసుకుంటూ పోయింది. కెప్టెన్ మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

ఆ మొహం పెత్రోనెలాకు తెలుసు. నెలకోసారి తన పక్క మంచం మీద చూసే మొహమే.

పళ్ళెం అక్కడే పెట్టేసి పరుగెత్తింది. "ఏమండీ! ఆయనకు పొగరు కాదండీ. వాతం!"

ఒనూఫ్రీ దొర గిన్నె దించాడు. "వాతమా? ఏ కాలు?"

"ఎడమ."

"బొటనవేలా?"

"బూటు చీల్చేసుకున్నాడు పాపం."

"అయ్యో!" అన్నాడు ఒనూఫ్రీ దొర, ఆ అయ్యోలో దేశమూ యుద్ధమూ కొట్టుకుపోయాయి. "మరి బాతు ఎలా తింటాడు! వైద్యుడు మాన్పించి ఉంటాడు. తేనెసారా కూడా మాన్పించి ఉంటాడు. మనిషిని మాడ్చి చంపుతున్నారే! వేన్నీళ్ళు పెట్టు, తవుడు పొయ్యి, ఎండుగడ్డి పూలు వెయ్యి!"

ఇంట్లో పెద్ద తొట్టి ఒక్కటే. అందుకని ఇద్దరి కాళ్ళూ అందులోనే పెట్టారు. స్వీడన్ ఫిరంగుల దళాధిపతీ, పోలండ్ దొరా, పాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని, ఎదురెదురు కుర్చీల్లో, ఒకే తవుడు నీళ్ళలో నాలుగు ఎర్రటి కాళ్ళు. మొదట మాటలు పొడిపొడిగా సాగాయి. తర్వాత నొప్పి ఎప్పుడొస్తుంది, దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్టుంటుందా అనే దగ్గర ఇద్దరి గొంతులూ లేచాయి. కాసేపటికి కెప్టెన్ నవ్వాడు. నవ్వితే మనిషి పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు.

"ఏమంటున్నారు?" అంది పెత్రోనెలా.

"వాళ్ళ వైద్యుడు మాంసం మానమన్నాడట. మా వైద్యుడూ అదే అన్నాడయ్యా, వాడు పోయాడు, నేనున్నాను అని చెప్పా! ఇదిగో, ఆ బాతు ఇలా తీసుకురా."

బాతు వచ్చింది. తేనెసారా వచ్చింది. వంశాల దగ్గర ఒకసారి మాట పెరిగింది. మా పూర్వీకులు రోము నగరాన్ని తగలబెట్టారని కెప్టెన్ అంటే, మావాళ్ళు ఆ రోము నీవాళ్ళకు కనపడక ముందే దాన్ని వణికించారని ఒనూఫ్రీ దొర. పెత్రోనెలాకు చెమటలు పట్టాయి. అంతలోనే ఆ గొడవ ఎవరి తాతకు బొటనవేలు ఎంత వాచేదన్న దాని మీదికి మళ్ళి, చేతులతో కొలతలు చూపించుకుని, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

నీళ్ళు చల్లారుతుంటే ఆవిడ ఇంకో బిందెడు వేన్నీళ్ళు తెచ్చి, కాళ్ళకు తగలకుండా అంచు వెంబడి మెల్లగా పోసింది. కెప్టెన్ తలెత్తి చూసి, "గ్రాత్సియాస్," అన్నాడు. ఆ కృతజ్ఞత తన అమ్మకు చెప్పినట్టు చెప్పాడు. పెత్రోనెలా అక్కడ నిలవలేక మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతోంది. ఆ కేక మాత్రం రాలేదు. కెప్టెన్ కాళ్ళు తుడుచుకుని లేచాడు. తెల్లవారుజామునే బయల్దేరాలి, ఇక పడుకుంటానన్నాడు. ఒనూఫ్రీ దొర కళ్ళు చెమ్మగిల్లాయి.

"రేపే పోతాడటే పెత్రోనెలా! ఇంతటి మనిషి! ఈ కాలుతో!"

"పోనివ్వండి," అంది పెత్రోనెలా, తలుపు చెక్కను గట్టిగా పట్టుకుని. "కొలువు మరి. అంత పెద్దవాళ్ళు మన కొంపలో ఉంటారేమిటి? పక్క దొర ఇంట్లో అయితే ఆపి ఉండేవారేమో."

ఒనూఫ్రీ దొర పిడికిలి బల్ల మీద పడింది. గిన్నెలు ఎగిరాయి.

"చక్రాలు తీయండ్రా!"

కెప్టెన్‌కు పోలిష్ రాదు. తన ఆరోగ్యానికి తాగుతున్నారనుకుని తనూ గిన్నె పైకెత్తాడు.

గోలందాజుల కోసం పెత్రోనెలా ముందే కొట్టం వెనక ఒక బీరు పీపా దింపించింది. అరిచి గోల చేస్తాయని బాతుల్ని గదిలో వేసి గడియ పెట్టించింది. బ్వాజెయ్ మనుషులు దుంగల మీద ఫిరంగి ఎత్తి, సీల లాగి, చక్రం దొర్లించడం పసిబిడ్డను ఊయల్లోంచి తీసినట్టు చేశారు. ఒక కాపలావాడు మాత్రం తూలుతూ వచ్చి చూశాడు. బ్వాజెయ్ వంగి దణ్ణం పెట్టి, కొవ్వు డబ్బా చూపించి, ఇరుసులకు రాస్తున్నామని సైగ చేశాడు. వాడు ఎంతో మెచ్చుకుని, ఆ పక్కది కూడా కిర్రుమంటోందని వేలు చూపించి మరీ వెళ్ళాడు.

తెల్లవారుజామున కెప్టెన్ అరిచిన అరుపుకు పావురాలు లేచిపోయాయి. ఫిరంగులు మూడూ వాకిట్లో బోర్లాపడ్డ ఆవుల్లా ఉన్నాయి. ఇంటి బళ్ళకు కూడా చక్రాల్లేవు. ఒనూఫ్రీ దొర రాత్రి చొక్కాతోనే చేతులు చాచుకుంటూ వచ్చాడు.

"మూడు రోజులు! మూడు రోజుల దాకా కదిలేది లేదు! దేవుడొచ్చి చెప్పినా లేదు!"

కెప్టెన్ పిస్తోలు తీసి ఆయన పొట్టకు ఆనించాడు. ఒనూఫ్రీ దొర ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అంతకుముందు ఒక న్యాయాధికారి కూడా ఇలాగే పిస్తోలు తీసి, ఆ తర్వాత వారం రోజులు హాయిగా ఉండి వెళ్ళాడు మరి. పెత్రోనెలా వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.  కెప్టెన్ ఆవిడ భుజం మీదుగా ఆ ముసలాయన మొహం చూశాడు. అందులో వెతికినా మోసం దొరకదు. తర్వాత ఆవిడ మొహం చూశాడు, చాలాసేపు. పిస్తోలు దించేశాడు.

"ఎక్కడ?"

"చేపల చెరువులో," అన్నాడు ఒనూఫ్రీ దొర, ఆటలో ఓడిన పిల్లాడిలా.

గోలందాజులు చెరువులో దూకారు. చక్రాలకేం కొదవ లేదు. మొదట ఎవరో బిషప్పుగారి బండి చక్రం వచ్చింది. తర్వాత ఒక మేనమామది, ఒక పెళ్ళివారిది, మంచుబండి కర్ర ఒకటి, పూలచెక్కడం ఉన్న చిన్న చక్రాల జత. ఎన్నేళ్ళ ఆప్యాయతో అంతా ఆ బురదలో ఉంది. "ఇదిగో, ఇది దొరకలేదనే కదా మా బాబాయి అలిగాడు!" అని ఒనూఫ్రీ దొర గట్టు మీద ఒక్కో చక్రాన్నీ గుర్తుపట్టి మురిసిపోతున్నాడు. ఫిరంగివి రెండు దొరికేసరికి పొద్దెక్కింది.

అప్పుడు రేవు వైపు నుంచి చప్పుడు వచ్చింది. తుపాకులు, అరుపులు, గుర్రాలు. పెత్రోనెలా వాకిట్లో ఫిరంగి పక్కన నిలబడి, దాని చల్లటి ఇనుము మీద అరచెయ్యి ఆనించి, ఆ చప్పుడు ఆగేదాకా అలాగే ఉండిపోయింది.

మొదట పొలాలకడ్డంగా స్వీడన్ వాళ్ళు పారిపోతూ కనిపించారు. గోలందాజులు తడిబట్టలతోనే వాళ్ళతోపాటు పరుగు తీశారు. కెప్టెన్ తన కాలు చూసుకుని, మెట్టు మీద కూర్చుని, కత్తి తీసి లొంగిపోతున్నట్టు ఒనూఫ్రీ దొర చేతిలో పెట్టాడు. ఆ వెనక పోలండ్ గుర్రాలు వచ్చాయి. పెత్రోనెలా ప్రతి గుర్రానికీ ఎదురెళ్ళి రోఖ్ ఏడని అడిగింది. వెనకొస్తున్నాడని ఒకడు, చూడలేదని ఒకడు. ఇంకొకడు ఏమీ అనకుండా దాటిపోయాడు. 

అందరి తర్వాత, కుంటుతున్న గుర్రాన్ని నడిపించుకుంటూ, ఒక చెయ్యి చినిగిపోయిన చొక్కాతో, తల నుంచి కాలి దాకా ఏటి బురదతో వచ్చాడు రోఖ్.

"చొక్కా అడిగితే పంపలేదేం అమ్మా?"

ఆవిడ వాడి చెంప మీద ఒక్కటిచ్చి, ఆ చెంపనే గుండెకు హత్తుకుని ఏడ్చింది.

"సరిగ్గా ఏటి మధ్యలో ఉన్నాం నాన్నా," అన్నాడు రోఖ్, అమ్మ చేతుల్లోంచి తల బయటపెట్టి. "నీళ్ళు గుర్రాల పీకల దాకా. ఎదుటి గట్టు మీద ఫిరంగులకు దిబ్బ కట్టి సిద్ధంగా ఉంచారు. ఇవాళ్టితో సరి అనుకున్నాం. ఎందుకో మరి, ఫిరంగులే రాలేదు." అప్పుడు వాడి కళ్ళు వాకిట్లో పడి ఉన్నవాటి మీద పడ్డాయి.

ఒనూఫ్రీ దొర నవ్వు మెల్లగా ఆరిపోయింది. భార్య వైపు తిరిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న మధ్యాహ్నం. ఒర్షూలా చెప్పింది."

"వాతం సంగతి?"

"అది నిజమేనండీ."

"నాకు చెప్పలేదు."

"చెబితే ఆయనకు చెప్పేసేవారు."

ఒనూఫ్రీ దొర మెట్టు మీద కూర్చున్న కెప్టెన్ వైపు చూశాడు. "చెప్పేసేవాణ్ణి," అన్నాడు చిన్నగా. "నా చేతే నా అతిథిని మోసం చేయించావు పెత్రోనెలా." ఇక ఒక్క మాట మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అంత వాగుడుకాయ మౌనంగా ఉంటే ఇల్లంతా ఎవరో పోయినట్టుంది.

భోజనానికి మాత్రం బయటికొచ్చి, కెప్టెన్‌ను తీసుకొచ్చి తన కుడి పక్కన కూర్చోబెట్టాడు. "మీ మీద పిస్తోలు పట్టాడట, ఖైదీకి ఈ పీట ఏమిటి నాన్నా?" అని రోఖ్ గొణిగితే, "వాడు నా ఇంటికొచ్చినవాడు. నువ్వు తిను," అన్నాడు. పుల్లటి రై సూపు గిన్నెల్లో పొగలు చిమ్ముతోంది. కాసేపటికి కెప్టెన్ చెంచా పక్కన పెట్టి, పెత్రోనెలానే చూస్తూ లాటిన్‌లో ఏదో అడిగాడు.

ఒనూఫ్రీ దొర సూపులోకి చూస్తూ తిప్పి చెప్పాడు: "నిన్న కాళ్ళకు వేన్నీళ్ళు పోసింది జాలితోనా, ఎత్తుతోనా అని అడుగుతున్నాడు." తలెత్తాడు. తనూ ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆ ప్రశ్న ఒక్క కెప్టెన్‌దే కాదని పెత్రోనెలాకు అర్థమైంది.

"చెప్పండి ఆయనకి," అంది ఆవిడ. చేతులు ఒళ్ళో బిగించుకుంది. "ఎత్తుతోనే పోశానని చెప్పండి. మొదటి బిందె తెచ్చేటప్పుడు నాకు ఆయనెవరో కూడా పట్టలేదు. రెండో బిందెకి జాలేసింది, అదీ చెప్పండి. జాలేసినా ఆగలేదు. ఆయన తల్లి ఆయన కోసం ఎక్కడో ఎదురుచూస్తుంటుందని తెలిసే చేశాను. నన్ను క్షమించమని అడగను. మళ్ళీ అలాంటి పొద్దొస్తే మళ్ళీ మీ ఇద్దర్నీ అదే తొట్టి దగ్గర కూర్చోబెడతాను. ఇది మీకు కూడా చెబుతున్నాను."

రోఖ్ తినడం ఆపేశాడు. ఒనూఫ్రీ దొర కెప్టెన్ వైపు తిరిగాడు. లాటిన్‌లో చిన్న దానికి పెద్ద ఉపన్యాసం ఇచ్చే మనిషి. గొంతు సవరించుకున్నాడు, చెయ్యెత్తాడు, దించాడు. చివరికి ఒకే ఒక్క మాట అన్నాడు.

"మాతెర్."

పెత్రోనెలాకు వచ్చిన నాలుగు లాటిన్ మాటల్లో అదొకటి. ప్రతి ఆదివారం చర్చిలో వినే మాటే. అమ్మ అని.

కెప్టెన్ తల వంచాడు. తర్వాత ఖాళీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని ఆవిడ వైపు చాచాడు. ఆవిడ ఇంకా గరిటె అందుకోకముందే, ఒనూఫ్రీ దొర తన గిన్నె కూడా దాని పక్కనే పెట్టాడు.